కాగితం కోను, రేకు కోను

గాలిపాట సంఘం దినచర్య పుస్తకం. ఊరు అరుణపేట, అంగారక గ్రహం. రాతపని కార్యదర్శినైన నాది, భ్రమరాంబది. ఇందులో తప్పులు కనిపిస్తే సభ్యులు నా ముఖం మీదే చెప్పవచ్చు. ఇప్పటిదాకా ఆ ధైర్యం చేసినవాళ్ళు ఇద్దరు. మా సంఘంలో నేను కాక ఉన్నదీ ఆ ఇద్దరే.

దినం 118

కూరగాయల అరల్లో నా వంతు నీళ్ళు పెట్టి తొమ్మిదో వీధి చివర పనిగదికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ అప్పటికే మొదలుపెట్టేశారు. కోదండపాణిగారు నీటి గొట్టాల మేస్త్రీగా చేసి రిటైరయ్యారు. అరటినార గుజ్జు ఆరబెట్టి స్పీకరుకు కాగితం కోను, అంటే వణికి చప్పుడు పుట్టించే గరాటు, చేస్తారు. జుబేదాగారు ఊరి ఉక్కు తలుపులన్నీ అతికిన వెల్డరు. తిండి డబ్బాల రేకును పలచగా సాగగొట్టి కోను చేస్తారు. ఏ కోను మేలన్నది పదకొండేళ్ళుగా నడుస్తున్న వ్యాజ్యం.

“ఏమండీ జుబేదాగారూ, మీ రేకు పాడుతోందా, అంట్లు తోముతోందా?”

“మీ కాగితం మస్తు పాడుతది పాణిగారూ. దుప్పటి ముసుగేసుకొని పాడినట్టున్నది. జలుబు చేసిందా ఏంది పాపం?”

ఊళ్ళో గొంతెత్తి మాట్లాడదగ్గ గది ఇదొక్కటే. బయటి ద్వారానికి ఆనుకుని ఉంటుంది కనుక గాలి పలచన, రెండు మాటలంటే ఆయాసం వస్తుంది. వీళ్ళకు మాత్రం రాదు. మిగతా ఊరంతా రాతిలో తొలిచిన వీధులే. ఎవరైనా తుమ్మితే నాలుగు వీధుల అవతల నిద్రలో ఉన్నవాళ్ళు లేచి కూర్చుంటారు. మూడు షిఫ్టుల ఊరు, ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రలోనే ఉంటారు. అందుకని అందరం చెవిలో గింజ పెట్టించుకున్నాం. పెదవి కదపకుండా గొంతులో అనుకుంటే అవతలివాళ్ళ గింజలో పలుకుతుంది. పాటలూ అలాగే వింటారు. గాలిలోకి చప్పుడు వదలడమంటే ఇక్కడ నడివీధిలో ఉమ్మినట్టే లెక్క.

ఈ రోజు తెర పరీక్ష. తెర నా పాత దుప్పటి. దాని వెనక రెండు స్పీకర్లూ పెట్టి, స్టీలు పళ్ళెంలో బియ్యం పోసిన చప్పుడు ఒకదాని తరువాత ఒకటిగా వినిపించాను. పాణిగారు కళ్ళు మూసుకుని విన్నారు.

“ఆహా, రెండోదండీ! ఒక్కొక్క గింజా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. అరటినార మహిమ అంటే అదీ!”

దుప్పటి తీశాను. రెండోది రేకు కోను.

తెర తీశాక ఎవరూ నవ్వరాదని సంఘం నియమం. నియమం తప్పినవారు: కార్యదర్శి.

దినం 121

మా మనవరాలు మేదిని వచ్చి నా గదిలో మంచం అంచున కూర్చుంది. మేదిని ఏం చెప్పినా గింజలోనే చెబుతుంది. అందులో అందరి గొంతూ ఇస్త్రీ చేసినట్టు నున్నగా వస్తుంది కనుక బాధ వినపడదు. చేతులు చూసి తెలుసుకోవాలి. చీర చెంగు మెలితిప్పుతోంది.

“అమ్మమ్మా, తుషారకు గింజ పెట్టేస్తామంటున్నారు. ఈ నెలాఖరుకు.”

తుషార దాని కూతురు. పదహారు నెలలది. పసివాళ్ళ ఊపిరికి చిక్కటి గాలి కావాలి కనుక రెండేళ్ళు నిండేదాకా పిల్లలందరినీ శిశువింగులోనే పెంచుతారు. ఇప్పుడక్కడ తొమ్మిదిమంది ఉన్నారు. పిలిస్తే తొమ్మిదిమందిలో ఒక్కరూ తల తిప్పరు. ఒక్కరికీ ఒక్క మాటా రాలేదు.

“ఏడేళ్ళు వస్తే గాని పెట్టకూడదు కదే?”

“మాట వచ్చే వయసు దాటిపోతుందని డాక్టరుగారి భయం. నాదీ అదే. నేను పిలిస్తే అది గోడను చూస్తుంది, అమ్మమ్మా.”

మూడేళ్ళలోపు గింజ పెడితే చెవి లోపలి సన్నటి రోమాలు చచ్చిపోతాయి. పిల్ల ఊళ్ళో అందరి మాటా వింటుంది. గాలిలో మాట మాత్రం జన్మలో వినదు.

 

దినం 122

డాక్టర్ ఎలీషా మంచివాడు. నేను చెప్పిన ఫిజిక్సు పాఠాలకు నిద్రపోయినా లేచాక క్షమాపణ అడిగిన ఏకైక విద్యార్థి. వెళ్ళగానే కుర్చీ వేశాడు.

“పిల్లల చెవులు బాగానే ఉన్నాయి మేడమ్. యంత్రం పెట్టి చూశాను. చెవి పనిచేస్తోంది, చెవికే పనిలేదు. ఆయాలు వాళ్ళలో వాళ్ళు గింజలోనే మాట్లాడుకుంటారు. పిల్లల దగ్గర పైకి మాట్లాడమని నియమం పెట్టాం. కానీ అలవాటు లేని గొంతు కదా, గుసగుస తప్ప రావడం లేదు.”

“కథలు చెప్పే పెట్టె ఒకటి గోడకు తగిలించారుగా?”

“ఉంది. అరచేతంత.”

“అది కథ చెబుతుందా, దోమలా రొద పెడుతుందా? దాని వైపు నేనైనా తల తిప్పను. మంచి స్పీకరు పెడతాం. గడువియ్యి.”

యాభై రోజులిచ్చాడు. గడువులోగా పిల్లలు చప్పుడుకు తల తిప్పితే ఆపరేషను ఆపమని ఊరి కమిటీకి రాస్తానన్నాడు. తిప్పకపోతే తుషారతోనే మొదలవుతుంది. వాళ్ళలో పెద్దది అదే.

దినం 124

విషయం సంఘం ముందు పెట్టాను.  జుబేదాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాణిగారు, “మన తుషారమ్మకా! పదండి, ఈ రోజే గుజ్జు నానబెడతాను” అన్నారు.

“గుజ్జెందుకు? చిన్న పిల్లలకు సాఫ్ వినవడాలె. రేకు పెడదాం.”

“పసిచెవులండీ! రేకు పెట్టి గుచ్చుతారా?”

ఆ తగవులో మూడు రోజులు పోతాయని తెలిసి అక్కడికక్కడే తీర్పు చెప్పాను. ఇద్దరూ చెరొకటి చెయ్యండి, రెండూ పెడదాం. కోను వాళ్ళ వంతు. వెనక మూసే చెక్కపెట్టె ఎంతుండాలో లెక్కగట్టే పని నాది, ఇరవై ఆరేళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని కాబట్టి.

దినం 139

కాలిపోయిన పంపు మోటార్ల నుంచి రాగితీగ విప్పాం. విప్పుతూనే, కోనును ఊపే కాయిలుకు తీగ ఎన్ని పొరలు చుట్టాలన్న తగవులో ఒక పూట పోయింది. కాయిల్‌కు రెండు పొరలు చాలని పాణిగారు, నాలుగు లేకపోతే బలం రాదని జుబేదాగారు. కోను అంచుకు పాత బయటి సూట్ల చేతితొడుగుల రబ్బరు కత్తిరించాం. పాణిగారు ఇప్పటికి పదమూడు కోనులు చేసి పన్నెండు పారేశారు. పదమూడోదాన్ని గోరుతో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఎవరికీ ఇవ్వలేదు.

“అరె, చూడనియ్యుండ్రి! ఏం కొరుక్కు తింటనా?”

“మీ చేతులు వెల్డింగు చేతులండీ. దూరంనుంచి చూడండి.”

జుబేదాగారు దూరంనుంచే చూశారు. పాణిగారు మంచినీళ్ళకు వెళ్ళాక నాతో మెల్లిగా, “మస్తు చేసిండు టీచరమ్మా. నేనన్నట్టు చెప్పకు” అన్నారు. ఈ పుస్తకం పాణిగారు చదవరు కాబట్టి రాస్తున్నాను.

దినం 152

రెండు స్పీకర్లూ పనిగదిలో బిగించి విన్నాం. చీపురు ఊడ్చిన చప్పుడు, బియ్యం చప్పుడు, ఒక ముసలాయన దగ్గి గొంతు సవరించుకోవడం. ఆ ముసలాయన గదిలోనే ఉన్నాడేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. పదకొండేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. పెట్టెల లెక్క భేషుగ్గా కుదిరిందని ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు. నేను వినయంగా ఉండడానికి ప్రయత్నించి మానేశాను.

దినం 160

శిశువింగులోకి వెళ్ళాలంటే సర్దుడు గదిలో రెండు గంటలు కూర్చోవాలి. మన పలచని గాలి నుంచి వాళ్ళ చిక్కటి గాలికి ఒళ్ళు మెల్లిగా అలవాటు పడాలి. కూర్చున్నంతసేపూ ఎవరి పెట్టె వాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు.

లోపల తొమ్మిదిమంది పిల్లలు చాప మీద. గోడవార డాక్టర్ ఎలీషా, మేదిని, ఇద్దరు ఆయాలు. ధ్వని పాడవకుండా ఎవరూ కదలవద్దనీ, గట్టిగా ఊపిరైనా పీల్చవద్దనీ నేనే ఆజ్ఞాపించాను. తుషార తన మేజోడుతో ఆడుకుంటోంది.

మొదట కాగితం కోను. బియ్యం చప్పుడు రావాలి. వచ్చింది బియ్యం కాదు. కాలువ గట్టున బస్తాలు దించుతున్నట్టు బుంబుంమని మోత. తరువాత రేకు కోను. అదీ అంతే. డోలులో తల దూర్చినట్టుంది. పిల్లల్లో ఒకడు పెదవి విరిచి ఏడవబోయి, అదీ అంత అవసరం కాదనుకున్నట్టు మానేశాడు. తుషార మేజోడు మీదనుంచి కన్నెత్తలేదు.

డాక్టరు కాగితం మీద సున్నా వేశాడు. మేదిని గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

“మీ రేకు నుంచి అంటుకొచ్చిందండీ ఈ జబ్బు!” అన్నారు పాణిగారు. పనిగదిలో అన్నంత గట్టిగానే అన్నారు.

“నా రేకా? ముందు బుంబుమ్మన్నది ఎవరిది? మీ అట్టముక్క కాదా?”

“కాదు! ముమ్మాటికీ కాదు!”

“అయితే ఏంది మరి? దయ్యమా?”

“మీ నాలుగు పొరల కాయిలు!”

“కాదు! మీ రెండు పొరల పిసినారితనం!”

ఊళ్ళో సగంమంది వినని గొంతులవి, పైగా చిక్కటి గాలి, గది అదిరింది. ఆయాలు చెవులు మూసుకున్నారు. నేను ఆపడానికి చెయ్యెత్తాను. పదకొండేళ్ళుగా సంఘంలో నా అసలు ఉద్యోగం అదే. చెయ్యి అలాగే ఉండిపోయింది. తుషార మేజోడు వదిలేసింది. పాణిగారు అంటే పాణిగారి నోటివైపు, జుబేదాగారు అంటే జుబేదాగారి నోటివైపు, బంతాట చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పుతోంది. దాని పక్కవాడూ అంతే. వాడి వెనక కవలలూ అంతే.

డాక్టరు పెన్ను పట్టుకుని లేచాడు. తగవు చల్లారబోతోంది. పాణిగారికి దమ్ము అయిపోయింది, జుబేదాగారు పెట్టె సర్దుకుంటున్నారు. నేను ఆలోచించకుండా నిప్పులో నూనె పోశాను.

“పాణిగారూ, మీ కోను అంచు రబ్బరు మందమైపోయిందని జుబేదాగారు మొన్న అన్నారు. నిజమేనా?”

ఆమె అనలేదు. దేవుడికీ నాకూ తెలుసు.

“అన్నారా! ఏమండీ, అన్నారా?”

“అనలే! కానీ ఇప్పుడంటున్న. మందమే!”

“కాదు!”

“ఔ!”

“కాదు!”

“కా-దు” అంది మూడో గొంతు. సన్నగా, తడిగా. తుషార చాప మీద కూర్చుని, వేలు చూపిస్తూ మళ్ళీ అంది. “కాదు.”

ఇద్దరూ అప్పటికి నోరు మూశారు. డాక్టరు తొమ్మిదిలో ఏడు అని రాసుకున్నాడు. కాగితం చూపించి, “నాకు చాలు మేడమ్. కమిటీకి చాలదు. పదకొండు రోజుల్లో వాళ్ళొచ్చి కళ్ళారా చూస్తామంటారు. తొమ్మిదికి తొమ్మిదీ తిరగాలి” అన్నాడు.

దినం 161

ఆ బుంబుం తప్పు కాగితానిదీ కాదు, రేకుదీ కాదు. నాది.

మూసిన పెట్టెలోని గాలే కోను వెనక స్ప్రింగులా పనిచేస్తుంది. పనిగది గాలి శిశువింగు గాలిలో మూడింట రెండు వంతులే. అక్కడ గాలి ఒకటిన్నర రెట్లు చిక్కన. గాలి చిక్కబడేసరికి స్ప్రింగు బిగుసుకుంది, బిగుసుకునేసరికి మోత మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పి, రానివాళ్ళను నిలబెట్టినదాన్ని. పెట్టె లెక్కలో గది గాలి మార్చడం మరిచిపోయాను. వినడానికి అలవాటైన చోటే విని, ప్రపంచమంతా అలాగే వినిపిస్తుందనుకున్నాను.

సభ్యులతో చెప్పాను. పాణిగారు “పోనీలెండి టీచరుగారూ” అన్నారు. జుబేదాగారు నవ్వు ఆపుకోవడానికి లేచి అటు తిరిగి నిలబడ్డారు. నియమం పాటించినట్టుగా నమోదు చేశాను.

దినం 164

తగవే మందైతే రోజూ ఒక మోతాదు వేద్దామని డాక్టరు మమ్మల్ని శిశువింగుకు పిలిపించాడు. రెండు గంటలు సర్దుడు గదిలో కూర్చుని వెళ్ళాం. ఇద్దరినీ చాప ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

“ఊఁ, మొదలుపెట్టండి.”

పాణిగారు గొంతు సవరించుకున్నారు. “మీరు చెప్పండి జుబేదాగారూ.”

“లేదు లేదు. ముందుగాల మీరే చెప్పుండ్రి.”

“ఆలోచిస్తే రేకులోనూ ఒక అందం ఉందండీ.”

“మీ కాగితం ఏమన్న తక్కువనా?”

నాకు కళ్ళు తిరిగాయి. పదకొండేళ్ళుగా దీనికోసం పూజలు చేశాను. వరం ఇచ్చినవాడు తేదీ చూసుకోలేదు. తుషార ఆవలించి, రెండో మేజోడు కూడా విప్పింది. మేదిని నా వైపు చూసింది. మళ్ళీ చెంగు మెలితిప్పుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు సర్దుడు గదిలో ఇద్దరూ చిన్నబుచ్చుకుని కూర్చున్నారు.

“రావట్లేదండీ టీచరుగారూ. పిల్ల బతుకు దీనిమీదుందని గుర్తొస్తే కోపం రావట్లేదు.”

“నాక్కూడ. నాటకం చేసినట్టున్నది.”

“చెయ్యకండి” అన్నాను. “తగవు సంగతి మరిచిపోండి. స్పీకర్లు బాగు చేద్దాం. ఆ గదిలోనే కూర్చుని, ఆ గాలిలోనే.”

దినం 169

పనిముట్లన్నీ శిశువింగుకు మార్చాం. పెట్టెలు ఒకటిన్నర రెట్లు పెద్దవి చేశాం. పాణిగారు, జుబేదాగారు కోనులు తీసి మళ్ళీ బిగించారు. బిగిస్తున్నంతసేపూ పిల్లలు తెర అవతల ఆడుకుంటున్నారు. వాళ్ళ నిద్రవేళ అయ్యాక వినడానికి లేదు కాబట్టి ఇంకా సరిగా వినలేదు. సాయంత్రానికి స్క్రూలు బిగించే వరుస గురించి చిన్న మాట తేడా వచ్చింది. ముదురుతుందేమోనని నేను ఆశగా చెవి ఒగ్గాను. “సరే మీ ఇష్టం” అనుకుని ఊరుకున్నారు.

దినం 171

కమిటీనుంచి ఇద్దరు వచ్చారు. నేను ఈసారి ఎవరినీ ఊపిరి బిగబట్టమనలేదు. ఆయాలను మాట్లాడుకోమన్నాను. వాళ్ళు గుసగుసగా ఏదో అనుకున్నారు.

కాగితం కోను మీటను పాణిగారే నొక్కారు. పళ్ళెంలో బియ్యం పడింది. మొదట నాలుగు గింజలు, తరువాత పిడికెడు, తరువాత జల్లు. చాప మీదనుంచి ఆరు తలలు లేచాయి. జుబేదాగారు రేకు కోను మీట నొక్కారు. చీపురు ఊడ్చుకుంటూ గది ఈ మూలనుంచి ఆ మూలకు వెళ్ళింది. పిల్లలు కళ్ళతో దాని వెంట వెళ్ళారు. ఏడు. డాక్టరు పెదవులతో లెక్కపెడుతున్నాడు. ఎనిమిది. చివరివాడు, బొద్దుగా ఉండే పిల్లవాడు, తన బొటనవేలు చీకుతూ గోడనే చూస్తున్నాడు. వాడికి బియ్యమన్నా చీపురన్నా లక్ష్యం లేదు.

తుషార పాకుతూ బయలుదేరింది. తిన్నగా కాగితం కోను దగ్గరికి. బియ్యం పడుతుంటే కోను వణకడం చూసింది. తల ఒక పక్కకు వాల్చి విన్నది. తరువాత చూపుడువేలు చాచి, కోను నడిమధ్య గుండ్రటి టోపీలాంటి చోట పెట్టి, నొక్కింది. వేలు లోపలికి దిగింది.

స్పీకరు కట్టిన ప్రతివాడూ నిద్రలో ఉలిక్కిపడి లేచే కల అది. పన్నెండు పారేసి మిగుల్చుకున్న కోను. పాణిగారి ముఖంలో నెత్తురు లేదు.  చిరిగిన కోనులోంచి బియ్యం బర్రుమని పడుతోంది.

“బుర్ర్” అంది తుషార, కోనుకు బదులిస్తూ.

పాణిగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. చిల్లు అంచును వేలితో తడిమారు. “విన్నారా?” అన్నారు చివరికి. “చిల్లు పడ్డా పాడుతోందండీ! మీ రేకైతే ఏం చేసేది?”

“నా రేకా? నా రేకుకు వేలు దిగనే దిగది! అందుకే చెప్పిన, పిల్లలున్న ఇంట్ల కాగితం ఎవరన్న పెడతరా అని!”

“ఎప్పుడు చెప్పారండీ?”

“చెప్పాలెనా? అంత మాత్రం తెల్వదా?”

ఈ తగవు నిజమైనది. పిల్లలు దాని వైపు తిరిగారు. బొద్దువాడు మాత్రం బొటనవేలు వదల్లేదు. ఇంతలో తుషార వేలు బయటికి లాక్కుని, ఆ వేలే చాచుకుని, రేకు కోను వైపు పాకింది. జుబేదాగారు అటు తిరిగి ఉన్నారు, ఆయనకు బదులు చెబుతూ. దానికీ కోనుకూ మధ్య జానెడు దూరం. రేకుకు వేలు దిగదు నిజమే, కానీ సొట్ట పడితే కోను చచ్చినట్టే.

“తుషారా! ముట్టుకోకు!”

ఆ కేక ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. మేదిని లేచి నిలబడింది, రెండు చేతులూ ముందుకు చాచి, నోరు తెరుచుకుని. అది పైకి మాట్లాడగా నేను విని పన్నెండేళ్ళయింది.

తుషార ఆగింది. వేలు గాలిలోనే ఉంచి వెనక్కి తిరిగి తల్లి నోటివైపు చూసింది. చాప మీద మిగతావాళ్ళందరూ తిరిగారు. బొద్దువాడి బొటనవేలు నోట్లోంచి జారిపోయింది.

డాక్టర్ ఎలీషా తొమ్మిది అని రాసి, కమిటీవాళ్ళకు చూపించి, కింద గీత గీశాడు. వాళ్ళు సంతకం పెట్టారు. ఏడేళ్ళు నిండేదాకా పిల్లలెవరి చెవిలోనూ గింజ పెట్టరాదు.

“అమ్మా” అని మేదిని తనకు తానే పేరు చెప్పుకుంటున్నట్టు పైకి అని చూసింది, పిల్ల ముందు కూర్చుని. “అమ్మ. అమ్మ.” గొంతు బొంగురుపోయి ఉంది. పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా పగిలింది. చివర గాలి చప్పుడు కూడా ఉంది.

పాణిగారు గానీ జుబేదాగారు గానీ దానిమీద ఒక్క వంకైనా పెట్టలేదు.